గట్టిగా అడగాల్సిన మాట

"బండి ఎవుర్నడిగి ఇచ్చేసినావు?"

ఆ ఒక్క మాటే అడిగి అడిగి చిన్నమ్మి గొంతు బొంగురుపోయింది. కళ్లాపి బకెట్టు వాకిట్లో బోర్లాపడి ఉంది. ఆ తడిలోనే నిలబడి మొగుడి వైపు చూస్తోంది.

లక్ష్ముడు అరుగు మీద కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తున్నాడు. తలెత్తి పెళ్లాన్ని చూసి నవ్వాడు.

"నవ్వుతావేటి? అడిగినదానికి సెప్పు."

"ఛాడ" అన్నాడు ఒడియాలో. పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ చింతపండు మీదికి వంగాడు.

"పోనీలేటి? తెల్లారీసరికి ఎనక ఈది అప్పయ్య ఒచ్చి తాళం పట్టుకుని ఎల్లిపోనాడు. అన్న నన్నే వాడుకోమన్నాడు వదినా అంతన్నాడు. మొన్న సూరత్ దుప్పటి పక్కింటి తాతకిచ్చినావు. నిన్న సేతి గడియారం ఇప్పేసి ఎవుడికో ఇచ్చినావు. ఈ ఆవుకి ఏ ఏళ కుడితెట్టాలో నిన్న సాయంత్రం నాకు అప్పజెప్పినావు. నువ్వెక్కడికెల్తన్నావని?"

లక్ష్ముడు ఇంకో పిక్క తీశాడు. కనీసం తల కూడా తిప్పలేదు.

గుమ్మంలోంచి కూర్మమ్మ అందుకుంది. లక్ష్ముడి తల్లి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడడం ఆమె అలవాటు.

"మగోడు కష్టపడి కొనుక్కున్న బండి. ఇచ్చుకుంటే ఇచ్చుకున్నాడు. దానికి ఈదంతా ఇనీలాగ అరవాలేటి?"

"అరవాలత్తా. అరిసినా ఇతనికి చీమ కుట్టినట్టయినా నేదు."

సరిగ్గా అప్పుడే వెంకటరమణమూర్తి సందు మలుపు తిరిగి వచ్చాడు. పాత్రపూర్ రోడ్డు మీద బస్సు దిగి అక్కడినుంచి పరుగులాంటి నడకతో వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. చిన్నమ్మికి తమ్ముడు అతను. బరంపురంలో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాడు, అక్కడే కౌన్సిలరు కూడా. చచ్చిపోవాలనుకునే మగవాళ్లతో మాట్లాడడం, అలాంటి వాళ్లతో ఎలా మాట్లాడాలో కుర్రాళ్లకు నేర్పడం అతని పని. పొద్దున్న అక్క ఫోన్‌లో బండి సంగతి చెప్పగానే క్లాసు సగంలో వదిలేసి బస్సెక్కాడు.

ప్రాణం మీద ఆశ వదులుకున్నవాడు తనవనుకున్న వస్తువులు పంచిపెడతాడని ఏటా పాఠం చెప్పే మనిషికి ఆ వార్త ఏమిటో ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

లక్ష్ముడు అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వు.

"ఓహో, మేస్టారు బావ! మా ఇంటికి దారి గుర్తున్నాదేటి?"

మూర్తి నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ నవ్వు అతనికి రాలేదు.

*

చిన్నమ్మి తమ్ముణ్ని పెరట్లోకి లాక్కుపోయింది.

"పోయిన వారం నువ్వేటి సెప్పినావు నాకు? బావతోటి మాటాడినాను, బాగానే ఉన్నాడన్నావు."

"అడిగానక్కా."

"ఏటడిగినావు?"

మూర్తి దడి వైపు చూశాడు.

"ఏటడిగినావో సెప్పు. నాకు సెప్పడానికే నీకు నోరు రాకపోతే ఆయన్నెలగ అడిగినావు?"

"చచ్చిపోవాలనిపిస్తోందా బావా అని అడిగాను."

అనుమానం చిన్నమ్మిదే. ఫోన్ చేసిందీ ఆమే. అయినా ఇంకొకరి నోట విన్నాక దడి కర్ర పట్టుకుంది.

"ఏటన్నాడు?" అంది.

"నవ్వాడు. తల ఊపి బాగుంది బావా, బాగుంది అన్నాడు."

"నువ్వు నమ్మేసినావు."

మూర్తికి కాలేజీలో తన గది గుర్తొచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. తను పిలిపిస్తే వచ్చిన బావ ఎదురుకుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గించాలి, ఎదుటి మనిషి బెదరకూడదు అని తను నేర్పే పద్ధతిలోనే మెల్లగా అడిగాడు. బావ నవ్వగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. బయటివాడెవడైనా అలా నవ్వి ఉంటే ఇంకోసారి, ఇంకో విధంగా అడిగేవాడే. బావ కాబట్టి అడగలేదు. పెళ్లినాటి నుంచి ఇద్దరి మధ్యా వేళాకోళం తప్ప ఇంకో మాట లేదు.

"నీకు తెలదు తమ్మీ" అంది చిన్నమ్మి. "సూరత్‌లో మగ్గాల కాడ ఉన్నన్నాళ్లూ ఫోన్లోనన్నా తన మాటేదో తాను సెప్పీవోడు. లాక్‌డౌన్లో ఇంటికొచ్చిన కాడ్నుంచి నాను ఒకటంటే ఇంకోటంతాడు. నేకపోతే నవ్వుతాడు. మగ్గాలు మళ్లీ తెరిసినారని ఊళ్లో మగోళ్లందరూ ఎల్లిపోనారు. ఈయన ఎల్లడు. ఎందుకెల్లవంటే నవ్వు."

వెనక తలుపు కిర్రుమంది. కూర్మమ్మ వచ్చి నిలబడింది.

"ఏటి మీ మంతనాలు?"

"ఏమీ లేదత్తా" అన్నాడు మూర్తి.

"నాకు ఇనబడింది. నాయనా, నువ్వు సదువుకున్నోడివి, నీకు సెప్పీపాటి దాన్ని కాను. కానీ ఈ ఇంట్లో ఆ మాటెత్తొద్దు. ఎత్తితే అది ఇంట్లోకి ఒస్తాది."

"అడిగినంత మాత్రాన రాదత్తా. లోపల ఉంటే బయటపడుతుంది. లేకపోతే లేదంటాడు, అంతే."

"నీ సదువు బరంపురంలో సెప్పుకో." కూర్మమ్మ చేతులు వణుకుతున్నాయి. అది కోపం వల్ల కాదని మూర్తికి అనిపించింది, ఎందువల్లో మాత్రం తెలియలేదు. "మావోడికేటీ నేదు. పిచ్చోళ్ల డాక్టర్ని ఇంటికి తెచ్చిందని రేపు ఊరనుకుంతాది. నా మనవరాలు పుణ్యవతి అత్తోరింట్లో తల ఎత్తుకోవాల."

మూర్తి జేబులో ఫోన్ మోగింది. గేట్ బజార్ బట్టల వర్తకుల సంఘం వాళ్లు. ఆ సాయంత్రం వాళ్ల హాల్లో అతను మాట్లాడాలి. రాలేనని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

"ఏటి పని?" అంది చిన్నమ్మి.

"ఒక మీటింగు. మగవాళ్లు మనసులో మాట ఎందుకు చెప్పరో దాని గురించి."

చిన్నమ్మి తమ్ముడి ముఖంలోకి చూసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

"ఇక్కడ ఒకడున్నాడు" అంది. "ఎల్లి కూర్చో."

*

మూర్తి అరుగు మీద బావ పక్కన కూర్చున్నాడు. ఎదురింటి ఆడమనిషి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. వీధి చూపంతా తమ మీదే ఉన్నట్టు అనిపించి మూర్తి వీధి వైపే చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు.

"రాత్రి నిద్ర పడుతోందా బావా?"

"పడతాది, పడతాది" అన్నాడు లక్ష్ముడు. "మబ్బు పట్టింది కదా."

మూర్తి ఆకాశం వైపు చూశాడు. మాఘమాసపు ఎండ. ఎక్కడా మబ్బు తునక లేదు.

బావ హాస్యమాడుతున్నాడనుకున్నాడు. పక్కకు తిరిగి చూస్తే లక్ష్ముడి ముఖంలో హాస్యం ఏమీ లేదు. తను సరిగ్గా చెప్పానా లేదా అని వెతుక్కుంటున్నట్టు అతని చూపు మూర్తి మీద ఉంది. కళ్ల మీద కాదు. నోటి మీద.

మూర్తికి ఒక అనుమానం వచ్చింది.

లేచి, నీళ్లు తాగి వస్తానన్నట్టు సైగ చేసి లోపలికి వెళ్లాడు. గుమ్మం లోపలినుంచి, బావ వీపు వెనక నిలబడి పిలిచాడు.

"బావా."

లక్ష్ముడు పిక్కలు తీస్తున్నాడు.

"లక్ష్ముడు బావా!"

కొట్టంలో ఆవు తల తిప్పింది. ఎదురింటి ఆడమనిషి చేట ఆపి చూసింది. లక్ష్ముడు చేతిలోని పిక్కను ఎండకు పట్టి చూసి పక్కన పడేశాడు.

మూర్తి తలుపు రెక్క పట్టుకున్నాడు. ఆ రోజు కాలేజీ గదిలో తన ముఖానికి మాస్కు ఉంది. గదిలో మాస్కు తీయకూడదని గోడ మీద కాగితం తనే అంటించాడు. గుడ్డ వెనకనుంచి, గొంతు బాగా తగ్గించి, తన జీవితంలోకెల్లా ముఖ్యమైన ప్రశ్న అడిగాడు. ఎదుటి మనిషికి అందులో ఒక్క అక్షరం చేరలేదు. చేరనిదానికే నవ్వాడు. బాగుంది బావా, బాగుంది.

"అక్కా" అన్నాడు వంటింటి వైపు తిరిగి. "బావకి వినబడట్లేదు."

"ఇనబడకేటి? నా మాట ఇనడు గానీ..."

చిన్నమ్మి అక్కడే ఆగిపోయింది.

ఆమె ముఖంలో ఒకటొకటిగా ఏవేవో వచ్చి పోతున్నాయి. టీవీ ముందు కూర్చుని ఎప్పుడూ చూడ్డమే తప్ప మిగతావాళ్లతో కలిసి నవ్వని మొగుడు. వెనకనుంచి అన్నానికి పిలిస్తే రాని మొగుడు. కూతురు పుణ్యవతి అత్తవారింటినుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. కడుపు పోయింది నాన్నా అని చెబుతుంటే అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నవ్వి, బాగుంది తల్లీ, బాగుంది అన్నాడు. ఆ పిల్ల మళ్లీ తండ్రికి ఫోన్ చెయ్యలేదు. మనిషివేనా నువ్వు అని ఆ రోజు చిన్నమ్మి నానా మాటలూ అంది. ఆ మాటలు మాత్రం అతనికి తెలిసినట్టే ఉన్నాయి. ముఖం చూస్తే తెలిసిపోయే మాటలు అవి.

"ఓలమ్మ" అంది చిన్నమ్మి. చెంపలమీద చేతులు వేసుకుని నేల మీద కూలబడింది. "ఓలమ్మ, నానెంతలేసి మాటలన్నాను."

*

మూర్తి బయటికొచ్చి బావకు ఎదురుగా, మెట్టు మీద కూర్చున్నాడు. ముఖం ఎత్తి గట్టిగా అడిగాడు.

"బావా, నీకు వినబడట్లేదు కదూ?"

లక్ష్ముడి ముఖంలో నవ్వు అలాగే కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా పోయింది. ఆ నవ్వు లేకుండా బావ ముఖాన్ని మూర్తి ఎన్నడూ చూడలేదు. ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు, బాగా అలిసిపోయిన మనిషి.

"ఎవురికీ సెప్పకు" అన్నాడు లక్ష్ముడు.

"పొలానికి వెళ్దాం పద. అక్కడ మాట్లాడుకుందాం."

మూర్తి పొలం వైపు చెయ్యి చూపాడు. లక్ష్ముడు అటు చూసి తల అడ్డంగా ఊపాడు. మూర్తి చెయ్యి పట్టి లేపబోతే విదిలించుకున్నాడు.

"నానెక్కడికీ రాను. నన్నొగ్గీ."

మూర్తికి ఏం చెయ్యాలో తోచలేదు. రాసి చూపిద్దామంటే లక్ష్ముడు చదువుకోలేదు, చిన్నతనంలోనే రైలెక్కిన మనిషి. మెల్లగా అడిగితే చేరదు. గట్టిగా అడగాలంటే తల్లి గుమ్మంలో ఉంది, ఎదురింట్లో మనుషులున్నారు, ఇటుపక్క అరుగు మీద ముసలాయన కూర్చున్నాడు. ఈ ప్రశ్నను నాలుగు గోడల మధ్య, తలుపు వేసి, మనిషి పరువు కాపాడుతూ అడగాలని అతను ఎన్ని ఊళ్లలో చెప్పాడో.

"మనసు బాగోలేదా బావా?" అన్నాడు కొంచెం గొంతు పెంచి.

"తిన్నాను" అన్నాడు లక్ష్ముడు.

వెనకనుంచి చిన్నమ్మి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. కళ్లు తుడుచుకుని వచ్చింది.

"అడుగు" అంది. "ఆ రోజు ఏటడిగినావో అదే అడుగు. గట్టిగా అడుగు."

"అక్కా, వీధంతా..."

"ఇననీ."

"చిన్నమ్మీ!" కూర్మమ్మ గుమ్మంలోంచి కసిరింది. "నీకు మతిగాని పోయిందేటి?"

"పోనేదత్తా. ఇన్నాళ్లకి ఒచ్చింది. నాను బండి కోసం అరిసినప్పుడు ఈదంతా ఇన్నారు. దీనికి అరిస్తే తప్పేటి? ఆయనుంటే సాలు నాకు. ఈది ఏటనుకుంటే నాకేటి?" తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వడక్కపోతే నానడుగుతాను. నాకు రాదు, తప్పుగా అడుగుతానేమో. నీకు తెలుసు కదా. అడుగు."

మూర్తి బావ రెండు మోకాళ్లూ పట్టుకున్నాడు. ముఖంలో ముఖం పెట్టాడు. గొంతెత్తాడు. బరంపురంలో మాట్లాడే మాట అతని నోటికి రాలేదు, ఇంటిమాటే వచ్చింది.

"బావా! సచ్చిపోవాలనున్నాదా నీకు?"

ఎదురింట్లో చేట చప్పుడు ఆగిపోయింది.

లక్ష్ముడు ఆ మాట విన్నాడు. విన్నాడని అందరికీ తెలిసింది. ఎందుకంటే అతను నవ్వలేదు, బాగుంది అనలేదు. పెళ్లాం వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. మళ్లీ మూర్తి వైపు తిరిగాడు.

"ఉన్నాది" అన్నాడు.

చిన్నమ్మి అరుగు అంచు పట్టుకుని అతని పక్కన కూర్చుంది. ఏడవలేదు. అతని చింతపండు చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పట్నించి?" అని మూర్తి అరిచాడు.

"ఒచ్చిన కాడ్నించి." లక్ష్ముడి గొంతు కూడా పెద్దదైంది. తన మాట తనకు వినబడని మనిషి గొంతు అది. ఇన్నాళ్లూ దాన్ని అణిచిపెట్టి పొడిపొడి మాటలతో సరిపెట్టాడు కాబోలు. "అక్కడ మగ్గాల కాడ ఎవుడి మాటా ఎవుడికీ ఇనబడదు బావా. సేతుల్తోటి, పెదాల్తోటి మాటాడుకుంతాం. అక్కడ నాను సెవిటోణ్ని కాను. అందరం ఒకటే. ఇంటికొచ్చినాక తెలిసింది నాకు, ఏటీ ఇనబడదని."

"మరి నాకు సెప్పనేదేటి?" చిన్నమ్మి అతని గడ్డం తన వైపు తిప్పుకుని అరిచింది.

"ఏటని సెప్తాను? ఇన్నేళ్లు ఊరొగ్గీసి, ఇప్పుడొచ్చి సెవిటోణ్నయిపోనాను, నన్ను సూసుకోండని సెప్తానా? నువ్వే ఇల్లు నడిపినావు. గుంటని నువ్వే పెంచినావు, పెళ్లి నువ్వే సేసినావు. ఆవుకి కుడితెట్టడం తప్ప నాకిక్కడ ఏ పనీ తెలదు. ఆ ఆవు కూడా నన్ను సూసి బెదురుతాది."

ఆ మాట దగ్గర అతనికి నవ్వు రాబోయి ఆగింది. ఈసారి నిజమైన నవ్వే.

"అదేటీ కాదు" అన్నాడు మళ్లీ. చూపుడువేలు కణత మీద పెట్టుకున్నాడు. "ఇది. ఇందులో మగ్గం ఆగదు. ఊరంతా సడీసప్పుడూ నేకుండా ఉంతాది, దీన్లో ఆడతానే ఉంతాది. పడుకున్నా ఆడతాది. మళ్లీ సూరత్ ఎల్తే ఇంకా పెరుగుతాది. ఎల్లకపోతే తగ్గదు. దాన్ని ఆపాల బావా. నాకింకేటీ ఒద్దు. ఆపాలంటే నాకింకో దారి తెలీనేదు."

"ఇవాళేనా అనుకున్నావు?"

లక్ష్ముడు వాకిట్లో బండి ఉండే చోటు వైపు చూశాడు.

"అప్పయ్యకి బండి నేదు కదా" అన్నాడు. "నాను నేకపోతే అది తుప్పు పట్టిపోతాది."

చిన్నమ్మి పట్టుకున్న చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

మూర్తి తిట్టలేదు. నీకేం తక్కువ, పెళ్లాం లేదా, కూతురు లేదా అనలేదు. అలా అనడం ఎంత తేలికో, ఎంత పనికిరాదో అతనికి తెలుసు. ఇంకొంచెం దగ్గరికి జరిగి, పెదవులు స్పష్టంగా కదుపుతూ, ఒక్కొక్క మాటే గట్టిగా చెప్పాడు.

"చెప్పావు. మంచి పని చేశావు. ఇవాళ నిన్ను ఒంటరిగా వదలం. రేపూ వదలం. ఇప్పుడే బరంపురం వెళ్దాం. పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు చూస్తాడు. మనసు డాక్టరు కూడా చూస్తాడు. ఇద్దరూ కావాలి. నేనూ అక్కా నీ పక్కనే ఉంటాం."

"సెవులకి మందుంతాదేటి?"

మూర్తి ఒక్క క్షణం తటపటాయించాడు. ఉంటుందని చెప్పేస్తే బావ వెంటనే లేచి వస్తాడు. కానీ అబద్ధం మీద లేచిన మనిషి రేపు ఆసుపత్రి బయట మళ్లీ కూలబడిపోతాడు.

"పోయింది మొత్తం తిరిగి రాకపోవచ్చు. మిషను పెడతారు, మాటలు కొంత వినబడతాయి. ఆ మోత తగ్గించే దారులున్నాయి. చచ్చిపోవాలనే తలపుకి కూడా వైద్యం ఉంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో నీలాగే అనుకుని ఇవాళ ఇంట్లో అన్నం తింటున్నవాళ్లు ఉన్నారు. ఆగాల్సింది ఆ మోత బావా, నువ్వు కాదు."

లక్ష్ముడు ఆ మాటలన్నీ అతని నోటినుంచి ఏరుకున్నాడు. కొన్ని అందాయి, కొన్ని అందలేదు. అందనివి చిన్నమ్మి మళ్లీ అరిచి చెప్పింది. ఆమె గొంతు చీరుకుపోయింది. అయినా చెబుతూనే ఉంది.

"గుంటకి" అన్నాడు లక్ష్ముడు హఠాత్తుగా. "పుణ్యవతికి ఆ రోజు ఏటయింది? అది ఏడిసిందా? నువ్వు నన్ను అంతలేసి తిట్టినావు. ఏటయిందో నాకిప్పటికీ తెలదు."

చిన్నమ్మి చేత్తో తన కడుపు ముట్టుకుని, ఆ చేతిని గాల్లోకి విప్పి, ఖాళీ అరచెయ్యి చూపించింది.

అతనికి అర్థమయింది. మగ్గాల దగ్గర అలాంటి భాషే కదా మాట్లాడింది. చింతపండు చేతులు అలాగే ముఖానికి అడ్డం పెట్టుకుని లక్ష్ముడు వీధి అంతటి ముందూ ఏడ్చాడు.

*

ఎదురింటి ఆడమనిషి ఎప్పుడు లోపలికి వెళ్లిందో, చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కబురు అప్పటికే పాకింది. అప్పయ్య బండి మీద వచ్చి వాకిట్లో దిగి, తలొంచుకుని నిలబడ్డాడు.

"నాకేటి తెలుసు వదినా. ఇస్తే తీసుకున్నాను."

"నిన్నెవురూ ఏటీ అననేదు. ఎల్లి ఆటో తే" అంది చిన్నమ్మి.

చిన్నమ్మి లోపలికి వెళ్లి చీర మార్చుకుని, సంచిలో లక్ష్ముడికి ఒక జత బట్టలు పెట్టింది. ఆ కాస్తసేపూ మూర్తి బావ పక్కనుంచి కదల్లేదు. ఆసుపత్రిలో పనిచేసే తన పాత విద్యార్థికి ఫోన్ చేసి, ఇద్దరు డాక్టర్లనూ ఇవాళే చూడాలని చెప్పాడు. అడగాల్సింది అడిగేశాననే తేలిక ఒక పక్కా, పోయిన వారం అడగలేకపోయానే అన్న గుబులు ఇంకో పక్కా అతన్ని నిలవనివ్వడం లేదు. బావ నిన్న సాయంత్రమే అన్నీ అప్పజెప్పాడు. తెల్లవారి బండి ఇచ్చాడు. అక్క ఫోన్ చెయ్యకపోయి ఉంటే ఈ పాటికి ఏమయ్యేదో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా మూర్తి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటున్నాడు.

ఈ సందడిలో కూర్మమ్మను ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు ఉన్నాది అన్నప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుండిపోయింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ మౌనం ఆమె స్వభావం కాదు.

ఆటో వచ్చి ఆగింది. లక్ష్ముడు చేతులు కడుక్కుని లేచాడు. చిన్నమ్మి ఒక పక్కా, మూర్తి ఒక పక్కా.

కూర్మమ్మ గుమ్మం దిగి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"అత్తా, ఆపకు" అంది చిన్నమ్మి.

"ఆపడానికి రానేదే." కూర్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. కొంగు వెనకనుంచి, ఎప్పటి చిన్న గొంతుతోనే అంది. "ఒరే లక్ష్ముడూ. మీ అయ్య గెడ్డలో జారి పడిపోనేదురా."

చిన్నమ్మి చేతిలో సంచి నేలకు తగిలింది.

లక్ష్ముడి తండ్రి నీలకంఠం పోయేనాటికి లక్ష్ముడు ఇంకా తల్లి చంక దిగలేదు. వరదొచ్చిన గెడ్డవాగు దాటుతూ కాలు జారాడని ఊరు చెప్పుకుంది. సంబంధం మాట్లాడుకునే రోజున చిన్నమ్మి పుట్టింట్లోనూ అదే చెప్పారు. చనిపోయినవాడి గురించి అంతకుమించి ఎవరూ అడగలేదు. మూర్తి కూడా అడగలేదు. కొత్తగా వచ్చిన ఎవరినైనా మొదటిరోజే, మీ ఇంట్లో అంతకుముందు ఎవరైనా ఇలా పోయారా అని అడిగే మూర్తి, ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎన్నడూ వెయ్యలేదు.

ఆ మాట ఇంట్లో ఎత్తొద్దని ముసలామె ఎందుకు వణికిందో అతనికి ఇప్పుడు తెలిసింది.

ఆపాలి, అనుకున్నాడు. ఇప్పుడు కాదు. తెల్లవారి లేచి బండి ఇచ్చేసిన మనిషికి, ఆటో ఎక్కబోతున్న మనిషికి ఈ సంగతి ఇప్పుడు కాదు. డాక్టరు దగ్గర, నిదానంగా, ఇంకో రోజు.

కానీ కూర్మమ్మ ముఖం చూస్తే ఇంకో రోజు ఉండదని అనిపించింది. ఈ పూట ఆమె నోరు నొక్కేస్తే అది మళ్లీ తెరుచుకోదు. ఆ మాటతోనే ఆమె కాటికి వెళ్లిపోతుంది.

లక్ష్ముడు తల్లి నోటి వైపే చూస్తున్నాడు. పళ్లు లేని నోరు, పైగా కొంగు అడ్డం. అతను భుజం వంచి ఆమె దగ్గరికి వంగాడు.

"ఏటమ్మా? అయ్యకేటి? నాకు ఇనబడనేదు. గట్టిగా సెప్పు."

వీధిలో గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు. పక్క అరుగు మీద ముసలాయన, నీలకంఠాన్ని ఎరిగినవాడు, కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

కూర్మమ్మ ఒకసారి వీధంతా కలయజూసింది. తర్వాత మూర్తి వైపు చూసింది. చెప్పనా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

మూర్తి చెప్పమనలేదు. వద్దనీ అనలేదు. బావ భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

కూర్మమ్మ నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసేసింది.